పరవాడ కార్మికుడికి మానవ హక్కుల కోర్టు ఎంత దూరం?

ఈ ఎపిసోడ్ మా బావ అడిగిన ఒక ప్రశ్న నుంచి పుట్టింది.

సంక్రాంతికి ఇంటికొచ్చాడు. పరవాడ ఫార్మా సిటీలో తొమ్మిదేళ్లు కాంట్రాక్టు మీద హెల్పర్‌గా చేశాడు. డ్రమ్ములు ఎత్తడం, రియాక్టర్‌లో పౌడర్ ఛార్జ్ చేయడం, సెంట్రిఫ్యూజ్ కడగడం. ఇప్పుడు మేడ మీదకి రెండు అంతస్తులు ఎక్కితే మధ్యలో ఆగిపోతున్నాడు. డాబా మీద కూర్చుని, గాలిపటం ఎగరేస్తున్న పిల్లల్ని చూస్తూ అడిగాడు: "ఏరా, మానవ హక్కుల కోర్టని ఒకటి ఉందంట కదా. అందులో కేసేస్తే ఎన్నాళ్లు పడుద్ది?"

నేను పెద్ద తెలిసినవాడిలా "ఉంది బావా, కమిషన్‌కి ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టేయొచ్చు" అన్నాను. రాత్రి పడుకునే ముందు చట్టం తెరిచి చదివితే, నేను చెప్పింది సగం తప్పని అర్థమైంది. మిగతా సగం ఏంటో తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. అదే ఈ ఎపిసోడ్.

ముందు పరవాడ గురించి, ఊరు తెలియనివాళ్ల కోసం. విశాఖ నుంచి అనకాపల్లి వెళ్లే హైవేలో గాజువాక దాటాక లంకెలపాలెం జంక్షన్ వస్తుంది. అక్కడి నుంచి సముద్రం వైపు తిరిగితే పరవాడ. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖ జిల్లా, ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లా. ఒకవైపు సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, 2,000 మెగావాట్లు, బొగ్గుతో నడిచేది. ఇంకోవైపు 2,000 ఎకరాలకు పైగా ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ. మధ్యలో తాడి లాంటి ఊళ్లు. ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కుపోయి, మమ్మల్ని ఇక్కడి నుంచి తరలించండి మహాప్రభో అని ఏళ్ల తరబడి అడుగుతున్న ఊరు తాడి. మీరు వేసుకునే గ్యాస్ ట్యాబ్లెట్, బీపీ ట్యాబ్లెట్, వాటిలోని అసలు మందు పౌడర్ ఇలాంటి చోట్లే తయారవుతుంది. స్ట్రిప్ మీద కంపెనీ పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, ధర ఉంటుంది. బ్యాచ్ ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో ఉండదు.

2020 జూన్ 29 రాత్రి. ఫార్మా సిటీలోని సాయినార్ లైఫ్ సైన్సెస్‌లో గ్యాస్ లీకైంది. ఇద్దరు చనిపోయారు, నలుగురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ గ్యాస్ హైడ్రోజన్ సల్ఫైడ్.

దీని గురించి ఒక్క నిమిషం ఆగి చెప్పాలి. ఇది కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, స్కూల్లో చదువుకున్నాం. స్కూల్లో చెప్పనిది ఏంటంటే, గాలిలో ఇది వంద పీపీఎం దాటి పెరిగేకొద్దీ ముక్కు పనిచేయడం మానేస్తుంది. అంటే ప్రమాదం పెరుగుతుంటే వాసన తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. "హమ్మయ్య, వాసన పోయింది" అని మనిషి లోపలికి అడుగేస్తాడు. ఇంకా ఎక్కువైతే నాలుగైదు ఊపిరుల్లో కుప్పకూలిపోతాడు. గాలి కంటే బరువు కాబట్టి గుంటల్లో, ట్యాంకుల అడుగున పేరుకుంటుంది. పడిపోయినవాడిని లాగడానికి వెళ్లినవాడు కూడా పడిపోతాడు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం ఎనిమిది గంటల పనిలో దీని సగటు పరిమితి 10 పీపీఎం. చట్టానికి ఆ అంకె తెలుసు. రాత్రి షిఫ్టులో ఉన్న మనిషికి తెలియాలంటే మీటర్ ఉండాలి, అది పనిచేస్తూ ఉండాలి, అది మోగితే పని ఆపే అధికారం అతనికి ఉండాలి.

సాయినార్‌కి ఏడు వారాల ముందు, మే 7న, ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది చనిపోయారు. ఆ వీడియోలు మనందరి ఫోన్లలోకీ వచ్చాయి. అదే రోజు జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తాను కేసు తీసుకుని రాష్ట్రానికీ కేంద్రానికీ నోటీసులిచ్చింది. మర్నాడు జాతీయ హరిత ట్రైబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. సాయినార్ లీక్‌ని కూడా ట్రైబ్యునల్ సుమోటోగా తీసుకుంది. 2022 జూన్‌లో, మళ్లీ ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో గ్యాస్ పీల్చి వందల్లో అమ్మాయిలు వాంతులతో, కళ్లు తిరిగి ఆసుపత్రుల్లో చేరారు. ఆ ఏడాది డిసెంబర్ 26న పరవాడ లారస్ ల్యాబ్స్ అగ్నిప్రమాదంలో నలుగురు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియాలో 17 మంది. కుటుంబానికి కోటి రూపాయల చొప్పున ప్రభుత్వం ప్రకటించింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ సుమోటోగా కేసు తీసుకుంది. అది జరిగిన రెండు రోజులకే పరవాడ సినర్జిన్‌లో ఇంకో ప్రమాదం.

ఈ వరుస చూస్తే ఒకటి కనిపిస్తుంది. పేలితే, కూలితే, ఒకేసారి పదిమంది పోతే, కమిషన్ కదులుతుంది, ట్రైబ్యునల్ కదులుతుంది, మంత్రులొస్తారు. మా బావ విషయంలో ఏదీ పేలలేదు. తొమ్మిదేళ్లపాటు రోజూ కొంచెం కొంచెం లోపలికి వెళ్లింది, అంతే.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993. ఇందులో 30వ సెక్షన్ "మానవ హక్కుల కోర్టు" గురించే. పేరు వింటే ఎంత బావుంటుందో! అసలు సంగతి: హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమ్మతితో రాష్ట్ర ప్రభుత్వం ప్రతి జిల్లాలో ఒక సెషన్స్ కోర్టుని మానవ హక్కుల కోర్టుగా పేర్కొనవచ్చు. ఎందుకంటే "మానవ హక్కుల ఉల్లంఘన వల్ల తలెత్తే నేరాల"ను త్వరగా విచారించడానికి. అంటే ఇది క్రిమినల్ కోర్టు. పోనీ, ఆ నేరాలేంటి? చట్టం చెప్పదు. జాబితా లేదు, నిర్వచనం లేదు, శిక్ష ఎంతో లేదు. ముప్పై ఏళ్లు దాటినా ఆ ఖాళీ అలాగే ఉంది. వేరే కోర్టు కట్టలేదు, ఉన్న కోర్టుకి ఇంకో బోర్డు తగిలించే వీలు మాత్రం ఇచ్చారు. బావ ఊహించుకున్న కోర్టు అది కాదు.

మరి కమిషన్? అదే చట్టం 36వ సెక్షన్, రెండో ఉపసెక్షన్. ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి ఏడాది దాటితే జాతీయ కమిషన్ గానీ రాష్ట్ర కమిషన్ గానీ దాని మీద విచారణ చేయకూడదు. జబ్బు బయటపడిన రోజు నుంచి కాదండీ, జరిగిన రోజు నుంచి. పోలీసు లాఠీ దెబ్బకి ఈ లెక్క సరిపోతుంది, దెబ్బ ఆ రోజే కనిపిస్తుంది కాబట్టి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన దుమ్ముకి ఎలా సరిపోతుంది? ఆ పైన 18వ సెక్షన్: విచారణ పూర్తయ్యాక కమిషన్ సిఫార్సు చేస్తుంది, తీర్పు ఇవ్వదు. రాష్ట్ర కమిషన్ ఆఫీసు 2021లో హైదరాబాద్ నుంచి కర్నూలుకి మారింది. పరవాడ నుంచి సుమారు 700 కిలోమీటర్లు. సరే, ఆన్‌లైన్ ఉంది కదా అంటారు. ఉంది.

హరిత ట్రైబ్యునల్ సంగతి చదివినప్పుడు మాత్రం నేను రెండుసార్లు కళ్లు నులుముకున్నాను. 2010 నాటి ఆ చట్టంలో 17వ సెక్షన్, ప్రమాదంలో ఎవరైనా చనిపోతే, గాయపడితే పరిహారం కట్టాల్సిన బాధ్యత గురించి. "ఏ వ్యక్తి అయినా" అని రాసి, పక్కనే బ్రాకెట్‌లో "కార్మికుడు మినహా" అని పెట్టారు. 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టంలోనూ ఇదే మాట. గోడ అవతల ఇంట్లో పడుకున్నవాడు ఈ సెక్షన్ కిందకి వస్తాడు. గోడ ఇవతల రియాక్టర్ పక్కన నిలబడ్డవాడు రాడు.

ఎందుకలా? కార్మికుడికి వేరే చట్టం ఉండేది కాబట్టి అంటారు: 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం, బ్రిటిష్ వాళ్ల కాలంది. అందులో వృత్తి వ్యాధుల షెడ్యూల్ ఉండేది, మంచిదే. కానీ షెడ్యూల్‌లోని బి భాగం జబ్బుల్ని "పని వల్ల వచ్చిన గాయం"గా లెక్కించాలంటే ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు తక్కువ కాకుండా వరుసగా పనిచేసి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు చెప్పండి, మా బావ యజమాని ఎవరు? తొమ్మిదేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. గేటు మారలేదు, రియాక్టర్ మారలేదు, సూపర్‌వైజర్ కూడా మారలేదు. గేట్ పాస్ మీద పేరు మాత్రం మారేది. ఆ కంపెనీ పేరు నేను చెప్పను, మా ఇంటి గొడవ తీర్చుకోడానికి ఈ ఛానెల్ పెట్టలేదు.

ఇక్కడ కాసేపు దేశం బయటికి వెళ్దాం. స్విట్జర్లాండ్‌లో టర్బైన్ల కంపెనీలో ఒక మెకానిక్. 1965 నుంచి 1978 దాకా పనిలో ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చాడు. 2004లో ఊపిరితిత్తుల పొరకి క్యాన్సర్ అని తెలిసింది. దావా వేశాడు, మరుసటి ఏడాది చనిపోయాడు. భార్యాపిల్లలు కేసు కొనసాగించారు. అక్కడి కోర్టులు ఏమన్నాయి? దుమ్ము పీల్చిన పదేళ్లలోపు దావా వేయాలి, గడువు దాటిపోయింది అన్నాయి. ఆ జబ్బు బయటపడడానికే ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది! జబ్బు రాకముందే జబ్బు గురించి కేసు వేయాలన్నమాట. వాళ్లు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 2014 మార్చి 11న తీర్పు: ఇలాంటి గడువు పెట్టడం అంటే మనిషికి కోర్టు తలుపు మూసేయడమే, అది హక్కుల ఉల్లంఘన. కేసు పేరు హోవాల్డ్ మూర్. తర్వాత స్విట్జర్లాండ్ చట్టం మార్చుకుంది. 2020 జనవరి 1 నుంచి శారీరక హాని కేసుల్లో గడువు ఇరవై ఏళ్లు.

ఇంకొకటి బ్రెజిల్. సాంతో ఆంతోనియో ది జెసూస్ అనే ఊళ్లో బాణాసంచా ఫ్యాక్టరీ, 1998 డిసెంబర్ 11న పేలింది. అరవై మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లు, ఆడపిల్లలు. వాళ్లలో ఇరవై మంది పిల్లలు. సొంత దేశంలో కేసులు నానుతూ ఉంటే ఇంటర్ అమెరికన్ మానవ హక్కుల కోర్టు 2020 జూలై 15న బ్రెజిల్ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ప్రమాదకరమైన పని అని తెలిసీ తనిఖీ చేయలేదు, పేదరికం వల్ల ఆ పని తప్ప గతిలేనివాళ్లని కాపాడలేదు అని. తేదీ గమనించారా? సాయినార్ లీక్‌కి సరిగ్గా పదహారు రోజుల తర్వాత.

యూరప్‌కి ఉంది, అమెరికా ఖండాలకి ఉంది, ఆఫ్రికాకీ ఉంది. ఆసియాకి అలాంటి మానవ హక్కుల కోర్టు లేదు. ఢిల్లీలో న్యాయం దొరక్కపోతే ఆ పైన వెళ్లే మెట్టు మనకి లేదు. కాబట్టి మనవాళ్లు ఏం సాధించినా ఇక్కడి తలుపులే తట్టి సాధించాలి. సాధించారు కూడా.

1995 జనవరి 27. అహ్మదాబాద్‌కి చెందిన వినియోగదారుల సంస్థ ఆస్బెస్టాస్ కార్మికుల కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు. రాసింది జస్టిస్ కె. రామస్వామి, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన తెలుగాయన. కార్మికుడి ఆరోగ్యం, వైద్యం, ఉద్యోగంలో ఉన్నప్పుడే కాదు, రిటైరయ్యాక కూడా, 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగం అని రాశారు. ఆస్బెస్టోసిస్ ఉందని తేలిన కార్మికుడికి లక్ష రూపాయలు. వీటికంటే నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకో ఆదేశం: ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డుని పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు దాచాలి. ఆ న్యాయమూర్తికి ఈ జబ్బుల సంగతి అర్థమైంది. ఇవి నిదానంగా వస్తాయి, వచ్చేసరికి కాగితాలు ఉండవు. అందుకే ముందు కాగితం దాచమన్నారు.

2014 జనవరి 31న ఇంకో తీర్పు, బొగ్గు విద్యుత్ కేంద్రాల కార్మికుల ఆరోగ్యం మీద. ఆ కేంద్రాలున్న రాష్ట్రాల హైకోర్టులే ఈ విషయాన్ని తీసుకుని చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. సింహాద్రి చిమ్నీలు మా డాబా మీద నుంచి కూడా కనిపిస్తాయి. ఆ తీర్పు గురించి నేను ఈ రెండు వారాల్లోనే మొదటిసారి విన్నాను, సిగ్గుగానే చెప్తున్నాను.

ఇక మానవ హక్కుల కమిషన్ ద్వారా కార్మికులు నిజంగా గెలిచిన కేసు. ఇది కాస్త వివరంగా చెప్తాను.

మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్, ఝాబువా, ధార్. ఆదివాసీ జిల్లాలు. వానలు పడకపోతే అక్కడివాళ్లు గుజరాత్‌లో గోధ్రా వైపు వెళ్లి తెల్లరాయి పిండిచేసే మిల్లుల్లో పనిచేసేవారు. క్వార్ట్జ్ అంటారే, అది. పిండిలా గాల్లో తేలేది. కొన్ని నెలలు చేసి ఇంటికొచ్చేవారు. కొన్నేళ్లలో ఊపిరాడక చనిపోయేవారు. సిలికోసిస్. చావు సొంత ఊళ్లో, దుమ్ము వేరే రాష్ట్రంలో. ఊళ్లో డాక్టర్ టీబీ అని రాసేవాడు. మిల్లు దగ్గర హాజరు పట్టీ ఉండేది కాదు. ఇప్పుడు పరవాడ వైపు చూడండి: ఒడిశా నుంచి, జార్ఖండ్ నుంచి, బీహార్ నుంచి వచ్చి రూముల్లో ఆరుగురు చొప్పున ఉండే కుర్రాళ్లు. జబ్బు చేస్తే వాళ్లూ ఊరికే వెళ్లిపోతారు.

ఆ ఆదివాసీ ఊళ్లలో సంఘాలు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాశాయి. ఎవరు ఏ మిల్లులో, ఎన్ని నెలలు, ఎప్పుడు పోయారు. 2006లో సుప్రీంకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం పడింది. 2009 మార్చిలో కోర్టు జాతీయ మానవ హక్కుల కమిషన్‌ని ఇందులోకి తెచ్చింది. 2010 నవంబర్‌లో కమిషన్ చెప్పింది: చనిపోయిన 238 మంది కుటుంబాలకి తలా 3 లక్షలు గుజరాత్ ఇవ్వాలి, బతికున్న 304 మందికి మధ్యప్రదేశ్ పునరావాసం చూడాలి. గుజరాత్ ఒప్పుకోలేదు. సిఫార్సే కదా! మళ్లీ సుప్రీంకోర్టు. 2016 మే 4న, ఆ 238 కుటుంబాలకీ ఇవ్వాల్సిందే అని ఆదేశం.

పదేళ్లు. ఈ కథలో నాకు అర్థమైంది ఏంటంటే, కమిషన్ ఒక్కటే ఉంటే సిఫార్సు దగ్గరే ఆగేది, వెనకాల సుప్రీంకోర్టు ఉంది కాబట్టి డబ్బు కదిలింది. ఆ రెండిటి కంటే ముందు, ఎవరో ఒక నోట్‌బుక్ పట్టుకుని గుడిసె గుడిసెకీ తిరిగారు. ఆ నోట్‌బుక్ లేకపోతే 238 అనే అంకె ఎక్కడిది? పరవాడకి అలాంటి నోట్‌బుక్ లేదు. లీకైన రోజున ఎంతమంది ఆసుపత్రిలో చేరారో మనకి తెలుసు. ఫార్మా సిటీలో పదేళ్లు చేసి మానేసినవాళ్లలో ఎంతమందికి ఊపిరి సరిగ్గా ఆడుతోందో ఎవరూ లెక్క రాయలేదు.

భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో కొన్ని కొత్త సెక్షన్లు చేర్చారు. ప్రమాదకర పరిశ్రమలో ఏ రసాయనం వాడుతున్నారో, దానివల్ల ఆరోగ్యానికి ఏమవుతుందో కార్మికుడికి చెప్పాలి. పనిలో పెట్టుకునే ముందు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి. ఆ రికార్డు కార్మికుడు చూసుకోవచ్చు. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ పాత చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ నిలబడింది, కానీ 1995 తీర్పు సుప్రీంకోర్టు తీర్పు, అది ఇప్పటికీ ఉంది.

ఇదంతా చదివాక బావకి ఫోన్ చేశాను. "బావా, నీ మెడికల్ టెస్టుల కాగితాలు ఏమైనా ఉన్నాయా?" అన్నాను. ఏడాదికోసారి ఊదించేవారట, ఎక్స్‌రే తీసేవారట, వేలిముద్ర వేయించుకునేవారట. కాగితం ఎప్పుడూ చేతికివ్వలేదు. ఏ రసాయనమో అడిగితే డ్రమ్ము మీద కోడ్ నంబర్ ఉండేది అన్నాడు. ఆ నంబర్లలో రెండు ఇంకా గుర్తున్నాయి అతనికి. మిగిలినవి: పాత గేట్ పాసులు మూడు, పీఎఫ్ పాస్‌బుక్‌లో కాంట్రాక్టర్ల పేర్లు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీలు, పీల్చుకునే పంప్ కొన్న బిల్లులు.

"అవన్నీ పారేయకు" అన్నాను. "అక్క చీరల పెట్టెలో పెట్టింది లే" అన్నాడు.

వచ్చే ఆదివారం పరవాడ వెళ్తున్నాను. అతనితో కలిసి ఆ గేట్లో పనిచేసి మానేసినవాళ్లు పదకొండు మంది పేర్లు బావకి గుర్తున్నాయి. వాళ్లలో ఇద్దరు ఒడిశా వెళ్లిపోయారు, వాళ్ల నంబర్లు దొరకాలి. ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. మీలో ఎవరైనా ఫార్మాలో పనిచేస్తుంటే, ఈసారి మెడికల్ అయినప్పుడు రిపోర్ట్ అడగండి. ఇవ్వకపోతే ఏ తేదీన, ఎవరిని అడిగారో రాసి పెట్టుకోండి.

ఉంటాను ఫ్రెండ్స్.